అలసిన స్ప్రింగు

హుక్ నియమాన్ని సరిచూచే ప్రయోగం భౌతికశాస్త్రం చదివిన ప్రతి విద్యార్థీ చేసే ఉంటాడు. స్ప్రింగుకు యాభై గ్రాముల చొప్పున బరువులు తగిలిస్తూ పోవడం, ముల్లు ఎంత దిగిందో స్కేలు మీద చూచి రాసుకోవడం, పిమ్మట బరువులు ఒక్కొక్కటే తీసివేస్తూ ముల్లు మళ్ళీ సున్న దగ్గరకు వచ్చిందో లేదో చూడడం. మా కళాశాలలో ఒక విద్యార్థి, ఏమవుతుందో చూద్దామని కాబోలు, ఒకేసారి రెండు కిలోల గుండు తగిలించాడు. గుండు తీసినా ముల్లు సున్నకు రాలేదు. పదకొండు మిల్లీమీటర్లు కిందనే నిలిచిపోయింది. కోప్పడదామని వెళ్ళాను గాని, అతడు అడిగిన ప్రశ్న నన్ను ఆపింది: "దీన్ని రెండువైపులా పట్టుకొని మళ్ళీ లోపలికి నొక్కేస్తే సరిపోదా, మాస్టారూ?"

సరిపోదు అన్నాను. ఎందుకు సరిపోదో ఆ గంటలో చెప్పడానికి తీరిక లేకపోయింది. ఆ సమాధానం తెలియడానికి మానవునికి రెండువందల ఏండ్లకు పైగా పట్టింది. దానిని చెప్పడానికి ఒక చిన్న యంత్రభాగాన్ని ఉదాహరణగా తీసుకుంటాను. అది పిస్తోలులోని స్ప్రింగు. స్ప్రింగులన్నింటిలోనూ అంత కఠినమైన చాకిరీ చేసేవి తక్కువ. అది చెడితే ఫలితం ప్రాణాంతకం కావచ్చును. అది చెడిందో లేదో కంటికి మాత్రం సులభంగా కనిపించదు.

ఎన్.సి.సి.లో చేరినవారు 0.22 రైఫిలు కాల్చి ఉంటారు. దానిలో ఒక తూటా పేలిన తరువాత మనమే పిడిని పైకెత్తి, వెనుకకు లాగి, ఖాళీ డొప్పను బయటకు నెట్టి, మరల ముందుకు తోయాలి. స్వయంచాలక పిస్తోలులో ఈ పనులన్నీ పేలుడు బలమే చేస్తుంది. గొట్టం పైన స్లైడు అనే ఉక్కు తొడుగు ఒకటి ఉంటుంది. గుండు ముందుకు దూసుకొని పోగానే స్లైడు వెనుకకు జారుతుంది. జారుతూ ఖాళీ డొప్పను బయట పారవేస్తుంది, సుత్తిని ఎక్కిస్తుంది, గొట్టం కింద ఉన్న చుట్టస్ప్రింగును అణచివేస్తుంది. అణగిన స్ప్రింగు విచ్చుకుంటూ స్లైడును ముందుకు నెట్టుతుంది. ఆ రాకలోనే కొత్త తూటా గదిలోకి ఎక్కుతుంది. ఇదంతా కనురెప్ప పాటులో అయిపోతుంది. ఇంగ్లీషువారు దీన్ని రికాయిల్ స్ప్రింగు అంటారు. మనం వెనుతన్ను స్ప్రింగు అనుకుందాం.

తుపాకి వెనుకకు తన్నుతుందన్న సంగతి తుపాకులంత పాతది. న్యూటను 1687లో ప్రకటించిన మూడవ నియమం దానికి కారణం చెప్పింది. స్ప్రింగు సంగతి అంతకు కొంచెం ముందే రాబర్ట్ హుక్ చెప్పాడు. ఈయన తన ఆవిష్కరణను 1676లో అక్షరాలు తారుమారు చేసి పొడుపుకథలా అచ్చు వేయించాడు. ఇతరులు కాజేస్తారని భయం! రెండేండ్లకు, 1678లో, ముడి విప్పాడు. సాగుదల ఎంతో బలం అంత అన్నదే దాని సారం. ఎంతో గొప్ప నియమం. కాని అందులో చెప్పని మాట ఒకటున్నది. ఎన్నిసార్లు సాగదీస్తే అన్న ప్రశ్నే దానిలో లేదు. హుక్ లెక్క ప్రకారం మొదటిసారి ఎంతో పదివేలవసారీ అంతే. చాలాకాలం ఇంజనీర్లందరూ అట్లాగే నమ్మారు.

వెనుతన్నును వృథా పోనీయకుండా పనికి వినియోగించిన మొదటివాడు హైరం మాక్సిమ్. అమెరికాలో పుట్టి ఇంగ్లండులో స్థిరపడిన ఈయన 1884 నాటికి, తన్ను బలంతోనే తిరిగి నింపుకొనే మరతుపాకిని తయారుచేశాడు. దాని పక్కన ఒక పెట్టెలో పొడవైన సాగుడు స్ప్రింగు ఉండేది. దాని బిగువును మరతో సవరించవచ్చు. ఈ వంశానికే చెందిన వికర్స్ మరతుపాకి దగ్గర పనిచేసే సిపాయిలు ఆ స్ప్రింగు బిగువును స్ప్రింగు త్రాసుతో లాగి తూచేవారు. స్ప్రింగును స్ప్రింగుతోనే తూచడమన్న మాట. హుక్ నియమం యుద్ధభూమిలో ఇట్లా నిత్యకృత్యమైంది. ఇక్కడ గమనించవలసినది ఒకటున్నది. శాస్త్రజ్ఞులు ఇంకా కారణం తేల్చకముందే, స్ప్రింగును చూచి నమ్మరాదనీ, తూచి నమ్మాలనీ ఆ సిపాయిలకు నేర్పేవారు.

మాక్సిమ్ సూత్రాన్ని చేతిలో ఇమిడే పిస్తోలుకు కుదించడం తేలిక కాలేదు. అన్నింటికన్న తంటా పెట్టినది స్ప్రింగే. దాన్ని ఎక్కడ పెట్టాలి? హ్యూగో బోర్కార్ట్ 1893లో చేసిన పిస్తోలులో గడియారపు స్ప్రింగు వంటి చుట్టిన పట్టీని వెనుకవైపు ఒక బుడిపెలో దాచాడు. పిస్తోలు వెనుకకు బరువు తూగి చేతికి కుదిరేది కాదు. జార్జి లూగర్ దానిని సంస్కరించి, బద్ద స్ప్రింగును పిడిలోపల పెట్టాడు. 1906లో ఆ బద్దను తీసివేసి చుట్టస్ప్రింగు వేశారు. ఈ మార్పు చిన్నది కాదు. బద్దను వంచితే వంపు భారం కొన్నిచోట్ల అధికంగా పడుతుంది. చుట్టస్ప్రింగును అణచినప్పుడు అందులోని తీగ నిజానికి వంగదు, మెలితిరుగుతుంది. ఆ మెలి తీగ పొడవునా పంచుకోబడుతుంది. విద్యార్థులు ఈ విషయం నమ్మరు. తీగచుట్ట కుదించుకు పోతున్నదని కంటికి కనబడుతూంటే మెలిక ఎక్కడిదంటారు. తడిబట్టను పిండినట్లు తీగలోని ప్రతి ముక్కా మెలిపడుతున్నదని ఊహించుకోవాలి.

ఇప్పటి పిస్తోళ్ళలో చాలాభాగానికి తండ్రి అనదగినవాడు జాన్ మోజెస్ బ్రౌనింగ్. అమెరికాలో యూటా రాష్ట్రంలోని ఆగ్డెన్‌లో 1855లో పుట్టాడు. 1900 నాటి ఆయన పిస్తోలులో స్ప్రింగు గొట్టానికి పైన ఉండేది. తరువాత వాటిలో కిందికి వచ్చింది. 1911 మార్చిలో అమెరికా సైన్యం ఎదుట ఆయన కోల్ట్ పిస్తోలుకూ, సావేజ్ పిస్తోలుకూ పోటీ జరిగింది. ఒక్కొక్కదానితో 6,000 తూటాలు కాల్చారు. వందేసి తూటాల తరువాత చల్లారనిచ్చి, వెయ్యేసికి ఒకసారి శుభ్రపరచి నూనె వేశారు. సావేజ్‌లో 37 సార్లు ఏదో ఒక లోపం వచ్చింది. కోల్ట్‌లో ఒక్కటీ లేదు. ఆ నెల 29వ తేదీన దానిని సైన్యం స్వీకరించింది. ఆరు వేల తూటాలంటే స్ప్రింగు ఆరు వేల సార్లు అణగి విచ్చుకొన్నదని అర్థం. పోటీ జరిగినది పిస్తోళ్ళ మధ్య అయినా పరీక్ష ఇచ్చినది స్ప్రింగు కూడా.

ఈ పిస్తోలు లెక్క ఒకటి చేసి చూద్దాం. తరగతిలో నల్లబల్ల మీద చేయించవచ్చు. గుండు బరువు సుమారు 15 గ్రాములు, వేగం సెకనుకు సుమారు 250 మీటర్లు. ద్రవ్యవేగం 3.75. స్లైడూ గొట్టమూ కలిసి మొదట వెనుకకు జరుగుతాయి. వాటి ద్రవ్యరాశి దాదాపు అర కిలో. మందు నుంచి పుట్టిన వాయువుల సంగతి వదిలివేస్తే వాటి వేగం సెకనుకు 7.5 మీటర్లు, గతిశక్తి 14 జౌళ్ళు. ఇక స్ప్రింగు. పూర్తిగా అణగినప్పుడు అది 16 పౌండ్ల, అనగా సుమారు 70 న్యూటన్ల, బలంతో నెట్టుతుంది. స్లైడు మూసి ఉన్నప్పుడు 40 న్యూటన్ల ప్రాంతం. సగటు 55 అనుకొని, స్లైడు నడిచే దూరం అయిదు సెంటీమీటర్లతో గుణిస్తే వచ్చేది మూడు జౌళ్ళకు లోపు!

పద్నాలుగులో మూడు. మిగిలినది సుత్తిని ఎక్కించడానికీ, రాపిడికీ, చివర చట్రానికి తగిలే దెబ్బకూ పోతుంది. కనుక వెనుతన్నును మింగడమే ఈ స్ప్రింగు పని అనుకోవడం పొరపాటు. తన దగ్గర దాచుకొన్న ఆ మూడు జౌళ్ళతో స్లైడును తిరిగి తేవడమే దాని ముఖ్యమైన పని. మాగజైను పెదవుల నుంచి తూటాను లాగాలి, ఏటవాలు మీదుగా గదిలోకి ఎక్కించాలి, గొట్టాన్ని బిగించి తాళం వేయాలి. దుమ్మున్నా, నూనె ఎండినా ఆ మూడు జౌళ్ళలోనే సరిపెట్టుకోవాలి. స్ప్రింగు బలంలో అయిదో వంతు తగ్గితే చట్రానికి తగిలే దెబ్బ ఏ కొంచెమో పెరుగుతుంది. తిరుగు ప్రయాణానికి మాత్రం అయిదో వంతు కూలి కోసినట్లే.

స్ప్రింగు బలం ఎందుకు తగ్గుతుంది? హుక్ నియమం ప్రకారం తగ్గరాదు గదా! ఈ ప్రశ్నకు సమాధానం తుపాకులవారి దగ్గర లేదు. అది రైలు పట్టాల మీద వెదకవలసి వచ్చింది.

1842 మే 8న వెర్సాయి నుంచి పారిసుకు వస్తున్న రైలు మ్యూదాన్ దగ్గర పట్టాలు తప్పింది. ముందున్న ఇంజను ఇరుసు విరిగిపోయింది. పెట్టెలకు తాళాలు వేసి ఉండడంతో మంటలలో చిక్కుకొని యాభై మందికి పైగా మరణించారు. దక్షిణ ధ్రువ ప్రాంతాలను చూచి క్షేమంగా తిరిగి వచ్చిన నావికుడు ద్యుమాన్ ద్యుర్విల్ వారిలో ఒకడు. ఆ ఇరుసు మోయవలసిన బరువు దానికి కొత్త కాదు. నిన్న మోసిన బరువునే నేడు మోస్తూ విరిగింది. మరుసటి ఏడు రాంకిన్ విరిగిన ఇరుసులను పరిశీలించి, మందం మారే మూల దగ్గర చిన్న పగులు మొదలై లోపలికి పాకుతుందని చూపించాడు. లోహాలకు 'అలసట' ఉన్నదని 1854లో బ్రెయిత్‌వెయిట్ అచ్చులో వాడాడు. మాట బాగా కుదిరింది గాని కొంత మోసం కూడా చేసింది. మనిషి అలసట విశ్రాంతితో తీరుతుంది. లోహం అలసట తీరదు.

దీన్ని లెక్కలోకి తెచ్చినవాడు జర్మనీ రైల్వే ఇంజనీరు ఆగస్టు వోలర్. ఓడర్ నది ఒడ్డునున్న ఫ్రాంక్‌ఫర్టు రైల్వే కర్మాగారంలో ఇరుసులకు బరువు కట్టి, యంత్రాలతో తిప్పి, విరిగేదాకా చుట్లు లెక్కించాడు. కొన్ని లక్షల చుట్లు పోయేవి. కొన్ని ఇంకా ఎక్కువ. 1870 దాకా వెలువడిన ఆయన ఫలితాల సారం ఇది: ఒక్కసారిగా విరవడానికి కావలసిన దానికన్న చాలా తక్కువ ప్రతిబలం కూడా, పలుమార్లు పడితే లోహాన్ని విరుస్తుంది. ప్రతిబలం పెరిగినకొద్దీ చుట్ల సంఖ్య తగ్గుతుంది. ఇనుముకు ఒక హద్దు ఉన్నది. దాని లోపల ఎన్ని చుట్లు తిరిగినా విరగదు. నా దృష్టిలో హుక్ తరువాత ఈ శాస్త్రంలో ఇంత పెద్ద అడుగు మరొకటి లేదు. హుక్ వదిలేసిన 'ఎన్నిసార్లు' అన్న మాటను వోలర్ పూరించాడు. పాఠ్యపుస్తకాలలో హుక్‌కు ఒక అధ్యాయమున్నది, వోలర్‌కు పేరా కూడా ఉండదు.

లోహం లోపల జరిగేది ఏమిటో చాలాకాలం తెలియలేదు. ఊగిసలాట వల్ల ఇనుములోని పీచు పోయి స్ఫటికంగా మారుతుందని అనేకులు చెప్పుకునేవారు. నేటికీ కమ్మరి కొలుముల దగ్గర ఆ మాట వినిపిస్తుంది. ఇనుము మొదటినుంచీ స్ఫటికమే. 1903లో ఈవింగ్, హంఫ్రీ అనేవారు ఇనుప ముక్కను అటూఇటూ వంచుతూ మధ్యమధ్య సూక్ష్మదర్శినితో చూచారు. స్ఫటికాల మీద సన్నని జారుడు గీతలు పుట్టి, అవి గుంపులై, చివరకు పగుళ్ళయ్యాయి. 1934లో టెయిలర్, ఓరొవాన్, పొలానీ ముగ్గురూ ఎవరికి వారే దీనికి మూలం ఊహించారు. స్ఫటికంలో పరమాణువుల వరుసలు ఎక్కడో ఒకచోట తప్పి ఉంటాయి. ఆ వరుసతప్పులు కదలడం వల్లనే లోహం జారుతుంది. పెద్ద తివాచీని ఒక్కసారిగా ఈడ్వలేము. ఒక చివర ముడత లేపి దాన్ని తోసుకుంటూ పోతే తివాచీ మొత్తం కాస్త జరుగుతుంది. అట్లాంటిదే ఇదీ. 1956లో కేంబ్రిడ్జిలో హిర్ష్, హార్న్, వీలన్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో ఆ వరుసతప్పులు కదలడాన్ని కళ్ళారా చూచారు.

ఇప్పుడు పిస్తోలు దగ్గరకు తిరిగి రావచ్చు. వెనుతన్ను స్ప్రింగుకు రెండు రకాల చావులున్నాయి. ఒకటి వోలర్ ఇరుసులకు వచ్చినట్టిది, పగిలి విరగడం. తీగచుట్టలో లోపలి అంచున ప్రతిబలం అధికమని వాల్ 1929లో లెక్కకట్టి చూపాడు. పగులు సాధారణంగా అక్కడే పుడుతుంది. అందుకే స్ప్రింగు తీగ ఉపరితలం మీద చిన్న గీత ఉన్నా ప్రమాదమే. రెండవది ఇంతకన్న తరచు, ఇంతకన్న నిశ్శబ్దం. విరగదు, కుంగుతుంది. ప్రతి అణచివేతలోనూ వరుసతప్పులు కొన్ని జారి, వెనుకకు రావు. ఒక్కొక్కసారి జరిగేది కొలవలేనంత తక్కువ. వేల సార్లకు అది కూడి స్ప్రింగు పొట్టిదవుతుంది. పొట్టి స్ప్రింగును అదే చోట పెడితే మొదటి బిగువే తగ్గిపోతుంది. ఈ కుంగుబాటును కొంత ముందే తీసివేయడానికి కర్మాగారంలో కొత్త స్ప్రింగులను చుట్టకు చుట్ట తగిలేదాకా కొన్నిసార్లు నొక్కి గాని పంపరు. కనుక మంచి స్ప్రింగు తన మొదటి అలసటను దుకాణానికి రాకముందే పొందుతుంది.

ఇక మా విద్యార్థి ప్రశ్న. సాగిపోయినదాన్ని నొక్కితే, కుంగిపోయినదాన్ని లాగితే ఎందుకు సరిపోదు? బాల్‌పెన్ను స్ప్రింగుతో పిల్లలందరూ ఈ ప్రయోగం చేసేదే. పెన్ను పనిచేయకపోతే స్ప్రింగు తీసి లాగి మళ్ళీ పెడతారు. కొద్దిసేపు బాగానే ఉంటుంది. తరువాత మళ్ళీ కుంగుతుంది, ఈసారి ఇంకా త్వరగా. దీనికి కారణం చూపినవాడు మ్యూనిక్‌లో పనిచేసిన యోహాన్ బౌషింగర్. లోహాన్ని ఒకవైపు దాని అవధి దాటించి లాగితే, అటువైపు కొంత గట్టిపడుతుంది గాని ఎదుటివైపు దాని అవధి తగ్గిపోతుందని ఆయన 1880లలో కొలిచి చెప్పాడు. అంటే లాగి పొడుగు చేసిన అణుగుడు స్ప్రింగు, అణచడానికి మునుపటి కన్న లొంగిపోయే స్ప్రింగు అన్నమాట. పొడవు తిరిగి వస్తుంది, సత్తువ రాదు. పాత స్ప్రింగును లాగి వేసిన పిస్తోలు చూపుకు సరిగానే ఉంటుంది. అసలు ప్రమాదం అదే.

అలసిన స్ప్రింగును ఆయుధశాలల పనివారు గుర్తుపట్టే తీరులు ఇంతకు ముందు చెప్పిన లెక్క నుంచే వస్తాయి. స్లైడు వెనుకకు వడిగా పోతుంది గనుక ఖాళీ డొప్పలు మామూలుకన్న దూరంగా పడతాయి, చట్రానికి దెబ్బలు తగిలిన గుర్తులు కనిపిస్తాయి. తిరుగు ప్రయాణంలో బలం చాలదు గనుక స్లైడు చివరి రెండు మూడు మిల్లీమీటర్లు రాక ఆగిపోతుంది, లేదా తూటా ఏటవాలు మీద చిక్కుకుంటుంది. పాత స్ప్రింగును కొత్తదాని పక్కన నిలబెట్టి పొడవు పోల్చుతారు. మాగజైను తీసి, గది ఖాళీ అని కంటితో, వేలితో రూఢి చేసుకొన్న తరువాత గొట్టం ఆకాశం వైపు ఉంచి, స్లైడును వెనుకకు లాగి మెల్లగా వదిలే పరీక్ష ఒకటున్నది. స్లైడు బరువు స్ప్రింగుకు ఎదురుగా పనిచేస్తుంది. మంచి స్ప్రింగు దాన్ని ఎత్తి పూర్తిగా మూస్తుంది, అలసినది మధ్యలో ఆగుతుంది. భూమ్యాకర్షణనే తూకపు రాయిగా వాడిన ఈ పద్ధతి నాకు ఎంతో ముచ్చటగా ఉంటుంది.

పోనీ బలమైన స్ప్రింగు వేస్తే? అదీ పొరపాటే. స్లైడు పూర్తిగా వెనుకకు పోదు. డొప్ప బయట పడకుండా ఇరుక్కుంటుంది. తయారుచేసినవారు నిర్ణయించిన బలంగల స్ప్రింగునే వేయాలి. ఆ స్ప్రింగు బిగువులో ఉంటుంది గనుక విప్పేటప్పుడు మూత చేయి జారితే కంటికే వచ్చి తగులుతుంది. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం ఆయుధం మరమ్మతు అనుమతి పొందినవారే చేయాలి. కనుక ఇది పాఠశాల చేతిపనుల గదిలో చేసే పని కాదని ఉపాధ్యాయులకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ గుర్తులన్నీ స్ప్రింగు చెడిన తరువాత కనబడేవి. అందుకని నేడు గుర్తుల కోసం ఎదురుచూడరు, లెక్క పెడతారు. ఒక్కొక్క పిస్తోలు ఎన్ని తూటాలు కాల్చిందో పుస్తకంలో రాసి, కొన్నింటికి రెండు మూడు వేలకు, కొన్నింటికి అయిదు వేలకు స్ప్రింగు మార్చివేస్తారు. అది బాగున్నట్టు కనిపించినా సరే. వోలర్ ఇరుసు లెక్క తుపాకి చేతికి చేరడం ఇదే. తీగ కూడా మారింది. 1854లో బర్మింగ్‌హామ్‌కు చెందిన జేమ్స్ హార్స్‌ఫాల్ ఉక్కు తీగను వేడిచేసి చల్లార్చే కొత్త పద్ధతికి పేటెంటు పొందాడు. పియానో తీగలు, స్ప్రింగు తీగలు ఆ దారినే గట్టిపడ్డాయి. క్రోమియం, సిలికాన్ కలిపిన ఉక్కులు తరువాత వచ్చాయి. మోటారు ఇంజను కవాటపు స్ప్రింగులు తరచు విరుగుతూండగా, 1930ల ప్రాంతంలో వాటి మీద చిన్న ఉక్కు గుండ్లను వడగండ్ల వానలా కురిపించి ఉపరితలాన్ని బిగించే పద్ధతి కుదిరింది. ఉపరితలం ఒత్తిడిలో ఉంటే పగులు తెరుచుకోలేదు.

బ్రౌనింగ్ 1926లో బెల్జియంలో మరణించాడు. ఆయన చివరి నమూనాను ద్యుదొన్నే సేవ్ పూర్తిచేయగా 1935లో అది వెలువడింది. పశ్చిమ బెంగాలులోని ఇషాపూర్ రైఫిలు కర్మాగారంలో మన సైన్యం కోసం చేసిన 9 మి.మీ. పిస్తోలు ఆ వంశానిదే. గొట్టం కింద స్ప్రింగు అదే చోట ఉన్నది. కొత్త నమూనాలకూ ఈ స్ప్రింగు బాధ తప్పలేదు. 2011లో గ్లాక్ కంపెనీ తన నాలుగవ తరం పిస్తోళ్ళలోని స్ప్రింగులను తానే మార్చి ఇస్తానని ప్రకటించవలసి వచ్చింది.

మా ప్రయోగశాలలోని స్ప్రింగును పారవేయలేదు. ఆ విద్యార్థే దాన్ని లోపలికి నొక్కి చూచాడు. ముల్లు సున్నకు వచ్చింది. అరకిలో గుండు పదిసార్లు తగిలించి తీసేసరికి నాలుగు మిల్లీమీటర్లు కిందికి దిగింది.